ప్యాకెట్‌లో కలిపిన గ్లూకోజు

ఆరేళ్ళు ఒక అబద్ధాన్ని మింగలేక, కక్కలేక తిరిగాను. ఈ వయసులో దాచుకుని ఏం బాగుపడాలి? మీకు చెప్పేస్తాను.

మా ఊళ్ళో మిరప కోతలకు ఆడవాళ్ళ ముఠాను తీసుకెళ్ళేది నేనే. ఆరేళ్ళ కిందట కోత మధ్యలో మా ముఠాలోని మస్తాన్‌బీకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త సుజాత ఇచ్చిన ఓఆర్ఎస్ ప్యాకెట్ నా సంచిలో ఉంది. లీటరు సీసాలో కలిపి ఇచ్చాను.

"ఉప్పగా ఉందక్కా, దిగట్లేదు" అంది.

నాకు చిరాకేసింది. ఇంకా పది సాళ్ళు మిగిలున్నాయి. ఎండలో సత్తువకని మేం తాగే గ్లూకోజు పొడి రెండు గుప్పిళ్ళు ఆ సీసాలోనే పోశాను. నా మాట మీద నమ్మకంతో గటగటా తాగింది. గంటలో విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి, కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఏం తాగించారమ్మా?" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "ప్యాకెట్టేనండి" అన్నాను.

మస్తాన్‌బీ బతికింది. కిడ్నీలు దెబ్బతిని మళ్ళీ కోతకు రాలేదు. ఊరంతా సుజాత మీద పడింది, పాడైపోయిన ప్యాకెట్లు పంచిందని. ఆమె ఏడుస్తుంటే నేనక్కడే నిలబడి ఉన్నాను.

తర్వాత అంగన్‌వాడీలో నర్సమ్మ చెప్పింది. పేగు చక్కెరను ఉప్పుతో జతగానే లోపలికి తీసుకుంటుందట, ఆ జత వెంటే నీళ్ళూ వెళతాయట. తీపి మోతాదు మించితే ఒంట్లో నీళ్ళే పేగులోకి వచ్చేస్తాయట. తెలియక చేశాను, సరే. తెలిశాకైనా నోరెందుకు పెగల్లేదు? ముఠా ఇక నా మాట వినదనే భయమా? ఛీ, అంతకంటే పెద్ద కారణమేదీ నాకు దొరకడం లేదు.

మొన్న మస్తాన్‌బీ మనవడికి విరేచనాలు. సుజాత ఇచ్చిన ప్యాకెట్‌ను గడపలోంచే తిప్పి పంపింది. నేనో ప్యాకెట్ పట్టుకెళ్ళి ఎందుకని అడిగితే, "వాటి సంగతి నువ్వు చూడలేదా అక్కా?" అంది.

ఇక ఆగలేకపోయాను. రెండు గుప్పిళ్ళ సంగతి చెప్పేశాను.

తిట్టలేదు. చాలాసేపు నా చేతుల వంక చూసింది. ప్యాకెట్ అందుకుని, "లీటరు నీళ్ళేగా? ఇంకేం కలపకూడదుగా?" అంది. ఈసారి అక్కా అనలేదు.

గొంతులో ఇరుక్కున్న అబద్ధం మాత్రం బయటికొచ్చేసింది. ఇప్పుడు సుజాత ఇంటికి బయల్దేరాలి.