ఒక్కపూట డాక్టరు

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. ఒక్కపూట డాక్టరు అనేవారు. పొద్దున జ్వరంతో వెళితే సాయంత్రానికి దిగిపోతుందని నమ్మకం. మందు కన్నా ఆయన హస్తవాసి మీద గురి ఎక్కువ. వేరే డాక్టరు రాసిన మాత్రలు కూడా తెచ్చి, ఒకసారి ఆయనతో ముట్టించుకుని పట్టుకెళ్లేవాళ్లు ఉండేవారు. ఆయన నవ్వి, ముట్టి ఇచ్చేవాడు.

క్లినిక్ రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, దాని కాలొకటి పొట్టిదైతే కింద ఇటుకముక్క. లోపలి గదిలో ఆకుపచ్చ తెర, చేతులు కడుక్కునే బేసిన్. మందులు కట్టి ఇవ్వడానికి ఒక కాంపౌండరు. పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి.

ఎంపీగా నిలబెట్టడానికి శత్రువులు లేని మనిషి కావాలని పార్టీవాళ్లు వెతుకుతుంటే, ఆయన బావమరిదే వాళ్లని వెంటబెట్టుకొచ్చాడు.

"నీకు ఓటెయ్యని ఇల్లొకటి చూపించు బావా. ప్రతి ఇంట్లోనూ ఒకరి నాలుకైనా చూశావు నువ్వు."

"నాలుక చూపించినవాళ్లంతా ఓటేస్తారట్రా?"

"వెయ్యకపోతే రేపు సూది గట్టిగా పొడుస్తావని భయం ఉండదూ!"

భార్య నవ్వలేదు. "మీరు గెలిస్తే వీళ్లనెవరు చూస్తారండీ?" అంది.

"అయిదేళ్లే కదా. ఆసుపత్రి ఒకటి కట్టించి వచ్చేస్తాను."

గెలిచాడు. క్లినిక్ లోపలి గదికి తాళం వేసి, ముందు గదిలో మందుల షాపు పెట్టుకోమని కాంపౌండరుకి ఇచ్చేశాడు.

అయిదేళ్లు పదేళ్లయ్యాయి. పార్లమెంటులో వెనక వరుసలో కూర్చునేవాడు. మాట్లాడింది తక్కువ. ఆసుపత్రికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. గోడలు కిటికీల ఎత్తు వరకు లేచి ఆగిపోయాయి. ఊళ్లో ఉన్న రోజుల్లో పొద్దున్నే జనం వచ్చేవారు. బదిలీలు, సీట్లు, పింఛన్లు. ఆయన ఉత్తరాలు రాసిచ్చేవాడు. "ఈ ఉత్తరం తెచ్చిన వ్యక్తి నాకు బాగా తెలిసినవాడు. తగిన సహాయం చేయగలరు." అలవాటు కొద్దీ ఎవరైనా నోరు తెరిచి నాలుక చాపితే, వెనకనుంచి పీఏ, "అయ్యా, కారు రెడీగా ఉంది" అనేవాడు. నాలుక చాపినవాళ్లకి కూడా ఉత్తరమే, పెద్దాసుపత్రికి. సంచిలోని స్టెతస్కోపు గొట్టం ఎండి బీటలు వారింది.

మూడోసారి చిత్తుగా ఓడిపోయాడు. బావమరిది వారం తిరక్కుండా గెలిచినవాళ్ల కారెక్కాడు. డాక్టరు పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.

"నా పని నాకుంది" అన్నాడు భార్యతో. అప్పటికి ఆయనకు అరవై ఒకటి. అదొక్కటే ఉందనీ, అదీ లేకపోతే ఇక తను ఎవరని చెప్పుకోవడానికి ఏమీ మిగలదనీ ఆవిడకి తెలుసు. కొత్త స్టెతస్కోపు ఆవిడే కొని తెచ్చింది.

లోపలి గది తాళం తీయగానే జనం వచ్చారు. బల్ల చాలక మెట్ల మీద కూర్చున్నారు. ఆయన చీటీ రాసేవాడు, వాళ్లు ముందు గదిలో కాంపౌండరుకి చూపించేవారు, మందులు తీసుకుని వెళ్లేవారు. జ్వరాలు తగ్గాయి. హస్తవాసి ఎక్కడికీ పోలేదనుకున్నారు. డాక్టరూ అదే అనుకున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టసాగింది. ఎనిమిది నెలలు అలా నడిచింది.

చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కాంపౌండరు రెండు రోజులు షాపు మూసి వెళ్లాడు. ఆ మొదటిరోజే ముసలి దర్జీ మోకాలి నొప్పితో వచ్చాడు.

"నేను కుట్టిన చొక్కాలు వేసుకున్నంత కాలం గెలిచారు. ఆ తర్వాత ఎవడో కుట్టిన తెల్లచొక్కాలు తొడిగారు, పోయారు" అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

"ఈసారి నీ దగ్గరే కుట్టించుకుంటాలే. కాలు చాపు."

నొక్కి చూసి, నొప్పికి మాత్రలు రాశాడు. దర్జీ చీటీ పట్టుకుని బజారు చివర షాపుకి వెళ్లాడు. అరగంటలో తిరిగొచ్చాడు.

"అక్కడి పిల్ల ఇవ్వనందండీ. గుండెకి రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నా కదా, దాంతో ఇది వేసుకుంటే కడుపులో రక్తం కారుతుందట. ఎవరు రాశారు తాతా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"మీ పేరెందుకు చెబుతానండీ! చీటీ ఎక్కడో దొరికిందన్నాను."

డాక్టరు చీటీ వెనక్కి తీసుకున్నాడు. గుండెకి ఏం వాడుతున్నావని తను అడగలేదు. ఇదివరకైతే మనిషి కూర్చోకముందే అడిగేవాడు. "రెండు రోజులాగి రా" అన్నాడు.

కాంపౌండరు వచ్చి షాపు తలుపులు తీసేసరికి డాక్టరు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చీటీ అతని ముందు పెట్టాడు.

"ఇది నీ దగ్గరికొస్తే ఏమిచ్చేవాడివి?"

కాంపౌండరు చదివాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పూతమందు ఇచ్చేవాణ్ణండీ."

"ఎన్నాళ్లనుంచి ఇలా మార్చి ఇస్తున్నావు?"

"వదిలేయండి డాక్టరుగారూ."

"ఎన్నాళ్లనుంచిరా?"

"మీరు మళ్లీ తెరిచిన రెండో వారంనుంచి." అతను చీటీని చూస్తూనే చెప్పాడు. "పసిపిల్లకి దగ్గు సిరప్ రాశారు, చెంచాడు. ఆ సిరప్ చిన్నపిల్లలకి ఇవ్వకూడదని ఆపేసి నాలుగేళ్లయింది."

డాక్టరుకి గుర్తొచ్చింది. ఆ సిరప్ ఆపమన్న పార్లమెంటు కమిటీలో తనూ ఉన్నాడు. కాగితాల కట్ట బల్లమీదికి వచ్చింది, ఎక్కడ సంతకం పెట్టాలో పీఏ వేలు పెట్టి చూపించాడు, తను పెట్టాడు.

"నాకు చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పనండీ? మందు పేరు చదవడం నాకు నేర్పిందే మీరు." చీటీ మడిచి ఆయన చేతికిస్తూ, "అన్నీ మార్చలేదండీ. జలుబులకీ జ్వరాలకీ మీరు రాసినవే ఇచ్చాను" అన్నాడు.

ఆ చివరి మాట ఓదార్పుగా అన్నాడని డాక్టరుకి తెలుసు. లోపలికెళ్లి, అక్కర్లేకపోయినా చేతులు కడుక్కున్నాడు.

మొదట వచ్చింది దర్జీయే. డాక్టరు మోకాలు మళ్లీ నొక్కాడు, నాడి పట్టుకున్నాడు, గుండెకి ఏయే మాత్రలు వాడుతున్నాడో అన్నీ అడిగాడు. కాగితం ముందుకి లాక్కున్నాడు. మందు పేరు రాయాల్సిన చోట పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. దర్జీ దగ్గి, కిటికీలోంచి బయటికి చూశాడు.

డాక్టరు పెన్ను పైకి జరిపి రాయడం మొదలుపెట్టాడు. పక్కవీధిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి. ఈ ఉత్తరం తెచ్చిన వ్యక్తి నాకు బాగా తెలిసినవాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు, ఒక్క కొట్టివేత లేదు. కింద సంతకం పెట్టాడు.

దర్జీ ముఖం విప్పారింది. "మీ ఉత్తరం చూస్తే లైన్లో కూడా కూర్చోబెట్టదు లెండి. ఇన్నాళ్లకి నాకూ ఒకటి రాశారు." లేవబోతూ ఆగాడు. "ఒక్కసారి ఆ చేత్తో మోకాలు ముట్టండి, వెళతాను."

డాక్టరు వంగి ముట్టాడు.

తెర పక్కకి తీసి పసిబిడ్డతో ఒకామె లోపలికి వచ్చింది. ఆయన ఇంకో కాగితం తీసుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ముందు గదిలోకి ఒక్క చీటీ రాలేదు. కాంపౌండరు అద్దాల బీరువా తుడుస్తూ, తుడిచిందే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు.