గొంతు సాక్ష్యం

ఇంట్లో దెయ్యం తిరుగుతోందని ఎవరైనా చెబితే, ముందు రూటర్ ఆపి మళ్ళీ వేసి చూశారా అని అడిగే రకం నేను. బహ్రెయిన్‌లో హిద్ పోర్టు దగ్గర ఒక కంపెనీలో కంప్యూటర్ హెల్ప్‌డెస్క్ నా ఉద్యోగం. వింతలకి నాకు తెలిసిన కారణాలు రెండే. వైరైనా ఊడి ఉండాలి, మనిషైనా అబద్ధం చెబుతూ ఉండాలి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కారణం మీకు తడితే మీరే చెప్పండి.

ఆఫీసు పని చాలదన్నట్టు ఇంటికొచ్చాక జీతం లేని ఇంకో హెల్ప్‌డెస్క్ నడుపుతాను. పాతకాలం సినిమా గాయని ఒకావిడ అభిమానులం పెట్టుకున్న ఆన్‌లైన్ ఫోరం అది. ఆవిడ పేరు రాయను. రాస్తే ఆవిడ గొప్పా ఇంకొకరు గొప్పా అని ఇక్కడ కూడా కొట్లాట మొదలవుతుంది.

మా సభ్యుల్లో చాలామంది రిటైరైనవాళ్ళు. ఒకరు పాస్‌వర్డ్ మర్చిపోతారు. ఒకరికి పాస్‌వర్డ్ గుర్తుంటుంది, ఏ మెయిలుతో చేరారో గుర్తుండదు. ఇంకొకాయన లాగిన్ కాలేకపోతున్నానని లాగినై మరీ పోస్టు పెడతారు. మా ఆయనైతే, కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని నవ్వుతారు. నిజమే, కానీ దురద పట్టుకుంది.

ఈ బాధ పడలేకే, ఫోరం కట్టిన ఇంజనీరు మొదట్లోనే ఒక పద్ధతి పెట్టాడు. చేరేటప్పుడు ప్రతివాళ్ళూ ఆ గాయని పాటల్లో ఒకదాన్ని తమ పాటగా ఎంచుకోవాలి. ఎప్పుడైనా పాస్‌వర్డ్ పోతే ఆ పల్లవి కూనిరాగంగా తీసి ఫోరంకి వాయిస్ మెసేజ్ పంపాలి. పాత సభ్యులిద్దరు విని, ఇది ఫలానావారి గొంతేనని ‘అవును’ నొక్కాలి. దీన్ని మేం గొంతు సాక్ష్యం అంటాం. ఆ ఇద్దరూ నొక్కకపోతే అడ్మిన్‌ని నేను తలకిందులుగా తపస్సు చేసినా అకౌంటు తెరుచుకోదు. అంత గట్టిగా కట్టిపెట్టి, ఏది మంచి పాటన్న గొడవలో అలిగి ఆ మహానుభావుడు ఫోరం వదిలేసి వెళ్ళిపోయాడు.

సాక్ష్యం చెప్పే హక్కున్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఇద్దరే. విశాఖపట్నంలో రైల్వే రిటైరైన సుబ్బారావు గారు ఒకరు. రెండో మనిషి ఇక్కడే కర్జకాన్‌లో తాపీ పని చేసే నర్సయ్య, నిజామాబాద్ వైపు అతను. సిమ్ మార్చినప్పుడల్లా అతన్ని వెతికి పట్టుకోవాలి.

నిరుడు చలికాలంలో సర్వర్ వాళ్ళు ఒక పిడుగు వేశారు. పాత సాఫ్ట్‌వేర్ ఫలానా శనివారంతో ఆపేస్తాం, కొత్తదానికి మారండి అన్నారు. మా ఫోరంలో ప్రతి సభ్యుడికీ ఒక సొంత పెట్టె ఉంటుంది. పాడి రికార్డు చేసుకున్నవి అందులో దాచుకుంటారు. ఎవరి పెట్టె వాళ్ళు లాగినై కొత్తదానికి మార్చుకోవాలి. లేదంటే శనివారంతో ఖలాస్. ఇక చూడండి, ఆ వారమంతా నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ గోలలోనే తెనాలి నుంచి రాజేశ్వరి గారనే పెద్దావిడ ఫోన్ చేశారు. మా ఫోరం లైవ్ మీటింగుల్లో బాగా పాడే మూర్తి గారి భార్య. మూర్తి గారు మాట్లాడక చాలాకాలమైంది, మా మీద అలిగారేమో అనుకున్నాం. ఆయనకి గొంతు క్యాన్సరొచ్చి స్వరపేటిక తీసేశారట. అది తిరగబెట్టి, అంతకు ముందు వానాకాలంలో పోయారట.

ఆయన పాడుకున్నవన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. అవి ఉన్న పాత ఫోను ఎప్పుడో ఎక్స్‌చేంజిలో ఇచ్చేశారు. ఇంట్లో ఆయన గొంతు ముక్క ఒక్కటి కూడా లేదు.

“ఆయన గొంతెలా ఉండేదో మర్చిపోతున్నానమ్మా. ఒక్కసారి వినిపించండి చాలు” అన్నారు.

ఇలాంటి మాట విన్నాక కాదని ఎవరనగలరు? ఆయన మెయిలుకి లింకు పంపుదామంటే అది ఆఫీసు మెయిలు, రిటైరైన రోజే మూసేశారు. పాస్‌వర్డ్ ఊహిద్దామని మనవడి పేరు, ఇంటి నంబరు కొట్టించాను. చివరికి ఆవిడ సిగ్గుపడుతూ తన పేరు కొట్టారు, అదీ కాదంది. తప్పులు ఎక్కువయ్యేసరికి అకౌంటు పూర్తిగా బిగుసుకుపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఇక మిగిలిన దారి సాక్షులు. విషయమంతా చెప్పి, ఈ ఒక్కసారికి వినకుండానే ‘అవును’ నొక్కమని సుబ్బారావు గారిని బతిమాలాను. రూలు రూలేనన్నారు. ఇవాళ ఈవిడకి వదిలేస్తే రేపు ఎవరెవరో వచ్చి పోయినవాళ్ళ పెట్టెలన్నీ తెరవమంటారట.

పోయిన మనిషి ఎలా పాడి పంపుతారండీ అని గట్టిగానే అడిగాను.

“అది మీ టెక్నికల్ ప్రాబ్లం పద్మజమ్మా” అన్నారు.

ఫోన్ గోడకేసి కొట్టాలన్నంత కోపమొచ్చింది. నర్సయ్య మాత్రం వెంటనే సరేనన్నాడు. “నేనైతే నొక్కుత మేడం. గాని సార్ నొక్కకుంటే ఏం ఫాయిదా?” అన్నాడు. అదీ నిజమే.

శుక్రవారం వచ్చింది. మర్నాడే ఆఖరు. మా వీధి మసీదులో జుమ్మా నమాజు, కార్లు రెండు వరసల్లో ఆపేస్తే మా బండి మధ్యలో ఇరుక్కుంది. నమాజు అయ్యేదాకా కదలదని మా ఆయన కిందే నిలబడ్డారు. నేను పైన భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, మెసేజ్ తర్వాత మెసేజ్ చూస్తూ తిట్టుకుంటున్నాను. ఒకాయన కూనిరాగానికి బదులు గంటసేపు కచేరీ చేసి పంపారు.

దాని కింద మూర్తి గారి పేరుతో ఒక మెసేజ్ ఉంది. నొక్కాను. కొంచెం జీరగా, తాపీగా సాగే కూనిరాగం. ఆయన ఎంచుకున్న పాటే. అమ్మయ్య, రాజేశ్వరి గారికి ఎక్కడో పాత రికార్డింగు దొరికిందన్నమాట అనుకున్నాను. పూర్తిగా వినే ఓపిక లేక, మొదటి ముక్క వినగానే సాక్షులిద్దరికీ పంపేశాను.

సుబ్బారావు గారు నొక్కి, రూలు ప్రకారం వెళితే ఎంత సుఖమో చూశారా అని నాకు నీతి కూడా చెప్పారు. గొంతు సారుదేనని, అనుమానమే లేదని నర్సయ్య కూడా నొక్కాడు. అకౌంటు తెరుచుకుంది. పెట్టెలో మూర్తి గారి పాటలన్నీ భద్రంగా ఉన్నాయి. అన్నీ దింపి తెనాలికి పంపి, ఫోన్ చేశాను.

“రికార్డింగు దొరికిందని ఒక్క మాట చెప్పొచ్చు కదండీ” అన్నాను, కాస్త విసుగ్గానే.

“నా దగ్గరేముందమ్మా దొరకడానికి? ఉంటే మిమ్మల్నెందుకు అడుగుతాను?” అన్నారావిడ.

తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేసి, ఆ మెసేజ్ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. పల్లవి అయ్యాక ఒక నిట్టూర్పు వినబడింది. తర్వాత అదే గొంతు, నాకు మల్లేనే విసుగ్గా మాట్లాడింది.

“త్వరగా కానివ్వండి పద్మజ గారూ. రేపటితో మూసేస్తున్నారుగా.”

పట్టపగలు, కిటికీ నిండా ఎండ, కింద జనం నమాజు ముగించుకుని కార్లు తీస్తున్నారు. నాకు మాత్రం భయమేసింది. మా ఆయన పైకొచ్చి ఏమైందని అడిగేదాకా కుర్చీలోంచి లేవలేదు.

తేరుకున్నాక నా పని నేను చేశాను. మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే, మా ఫోరం సర్వర్ చిరునామాయే కనిపిస్తోంది. ఆఫీసులో మలయాళీ సహోద్యోగికి చూపిస్తే పాత సాఫ్ట్‌వేర్‌లో తప్పయి ఉంటుందని తేల్చేశాడు. ఈరోజుల్లో కంప్యూటర్‌తో ఎవరి గొంతైనా పుట్టించొచ్చని మీరంటారు, నాకూ తెలుసు. పుట్టించడానికైనా అసలు గొంతు కొంత కావాలి కదా. ఆ గొంతున్నవన్నీ పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. తాళం తీయాలంటే ఆ గొంతే కావాలి. పెట్టెలోవి అన్నీ విన్నాను. ఆ పాట కూనిరాగం వాటిలో ఎక్కడా లేదు. వైరు ఊడలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. నాకు తెలిసిన కారణాలు అక్కడితో అయిపోయాయి.

ఆవిడకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. చివరికి భయపడొద్దని పదిసార్లు చెప్పి ఆ మెసేజ్ పంపాను. కాసేపటికి ఆవిడే ఫోన్ చేశారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. కోపంగా ఉన్నారు.

“ఆపరేషనయ్యాక పోయేదాకా నాతో పలక మీద రాసి మాట్లాడారమ్మా. కాఫీ అంటే పలక, కోపమొస్తే పలక. గొంతు తిరిగొచ్చాక మీకు చేశారా? నాకు చేయాలని తోచలేదా ఆ మనిషికి?”

ఆ మెసేజ్ సంగతే నాకు అంతుపట్టలేదు, ఇవాళ్టికీ పట్టలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, మీ నంబరు మునుపటిదేనా అని అడిగాను. ఆయన పోయాక కొడుకు కొత్త సిమ్ తెచ్చిచ్చాడట.

“మరి ఆయనకి మీ కొత్త నంబరు తెలియదు కదండీ” అన్నాను.

ఆ మాటతో ఆవిడ కోపం దిగిపోయింది. మెత్తగా, “అవునమ్మా, తెలియదు” అన్నారు.

ఇప్పుడు వారానికోసారి ఫోన్ చేసి, తన పాత నంబరు ఫోన్ కంపెనీవాళ్ళు మళ్ళీ ఇస్తారేమో కనుక్కున్నారా అని అడుగుతారు. కనుక్కుంటున్నానండీ అంటాను. నిజంగానే కనుక్కుంటున్నాను.