రెండు వేళ్ల మధ్య నూలు

మా వీధి దూదేకుల బాబాయి మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. బడికి బయలుదేరుతుంటే కబురొచ్చింది. ఆయన నాకు చుట్టం కాదు. గురజాలలో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. మా ఆయన పోయి నేను రాట్నం ముందు కూర్చున్న రోజుల్లో, విల్లుతో దూది ఏకి ఇచ్చిందీ, తెగిన నూలు అతకడం విసుక్కోకుండా నేర్పిందీ ఆయనే.

ఆయనకో అలవాటుండేది. ఎవరు ఎదురైనా కండువా అంచో, మా బోటి కూతుళ్ల వరస వాళ్లయితే కొంగు చివరో, రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. "చేతి నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. మిల్లు నూలంతా ఒకటే తీరు" అనేవాడు. ఆ వేళ్లను ఎవరూ మోసం చేయలేకపోయారు.

మా ఊరి మిల్లు షావుకారు సీమగుడ్డ మానమని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. ఒంటిమీద ఖద్దరే. నేను చదువు చెప్పే ఆడపిల్లల బడి ఆయన పెట్టిందే. తన మిల్లు గుడ్డ కొనడం కూడా దేశసేవేనని అనేవాడు. నేనూ నమ్మాను. మనవాళ్లు బాగుపడితే దేశం బాగుపడదా అని బాబాయితో వాదించేదాన్ని.

"మనవాళ్లంటే ఎవురమ్మాయ్? తెల్లోడి మిల్లొచ్చినా మనోడి మిల్లొచ్చినా నా విల్లు అటకెక్కుద్ది గదా" అని నవ్వేవాడు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు పొద్దున, షావుకారు ఖద్దరని పంపగా బడిలో బల్ల మీద ఉన్న జెండాను ఆయన అలవాటుగా పట్టి చూశాడు. ముఖం మారింది.

"ఇది చేతి నూలు కాదమ్మాయ్. అందరికీ చెప్పమంటావా?"

"నీకు దణ్ణం పెడతా బాబాయ్, చెప్పమాక. సాయిబు జెండాకి వంక పెట్టాడంటారు" అన్నాను. కృష్ణ అవతల రజాకార్ల కబుర్లకి అందరం బెదిరిపోయి ఉన్న రోజులవి. కానీ నేను భయపడింది నా ఉద్యోగం గురించి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

జెండా ఎగిరాక షావుకారు, అది మా ఊరి ఆడవాళ్లు వడికిన నూలేనని చెప్పాడు. నూలు వడికే వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. షావుకారు గుంపులోకి చూసి, "ఏం సాయిబూ, నువ్వు ఏకిన దూదే గదా?" అన్నాడు.

బాబాయి నావైపు చూశాడు. "అవునండి" అన్నాడు.

ఆ మాట చాలింది. షావుకారు కొట్లో మిల్లు గుడ్డ ఖద్దరు పేరుతో అమ్ముడైంది. మా రాట్నాలు మూలపడ్డాయి. బాబాయి విల్లు నిజంగానే అటకెక్కింది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత ఎవరి అంచూ పట్టి చూడలేదు. ఎదురైతే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

శుక్రవారం షావుకారు, శవానికి చుట్టే కఫన్‌కి తెల్లగుడ్డ పంపాడు. గుమాస్తా తెచ్చి, "ఖద్దరే, అయ్యగారు దగ్గరుండి ఏరారు" అన్నాడు. లోపలినుంచి పిన్ని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"చేతి నూలు గుడ్డే కప్పమన్నాడమ్మా మీ బాబాయి. నువ్వు చూసి చెప్పు."

గుడ్డ పట్టుకున్నాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే తీరు. గుమాస్తా నా ముఖంలోకే చూస్తున్నాడు.

"కాదు పిన్నీ. ఇది మిల్లుది" అన్నాను.

ఇంటికి పరుగెత్తి, ఆయన ఏకిన దూదితో నేను వడికి నేయించుకున్న కొత్త తెల్లచీర తెచ్చాను. కట్టుకోవడానికి మనసొప్పక పెట్టెలో దాచింది. దాన్నే కప్పారు. గుమాస్తా తన గుడ్డ చంకన పెట్టుకుని మిల్లు వైపు వెళ్లిపోయాడు.

రేపు బడి తెరుస్తారు. నన్ను రమ్మంటారో వద్దంటారో ఇంకా కబురు లేదు. వీధిలో చెప్పుల చప్పుడు అయినప్పుడల్లా గుమ్మం వైపు చూస్తున్నాను. నాకు తెలియకుండానే కొంగు చివర రెండు వేళ్ల మధ్య నలుగుతోంది. ఒకచోట లావు, ఒకచోట సన్నం.