పొడపత్రి నమిలిన మధ్యాహ్నం

1998 వేసవి. మాదాపూర్‌లో ఆ గుండ్రటి కంప్యూటర్ భవనం ఇంకా లేస్తూనే ఉంది. చుట్టుపక్కల బండరాళ్లను పేలుస్తుంటే ఆ అదురుకు నా మందుల షాపులో దగ్గు మందు సీసాలు వాటంతటవే కదిలిపోయేవి. వాడే ముందు బాగా కదపమని నేనెవరికీ చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఇక దుమ్మంటారా, మధ్యాహ్నానికల్లా షాపులో ఉన్న మందులన్నీ ఒకే కంపెనీవిలా కనిపించేవి.

తెనాలి నుంచి వచ్చి, డి.ఫార్మసీ సర్టిఫికెట్ గోడకు తగిలించుకుని కూర్చున్న నాకు మొదటి ఖాతాదారు ఓబుళరెడ్డి గారు. కడప వైపు మనిషి, ప్లాట్ల వ్యాపారం. ఆయన బల్ల మీద కూర్చుంటే బల్ల రెండో కొస మీద కూర్చున్నవాడు కాస్త పైకి లేచేవాడు. ఆయనకు షుగరు. డాక్టరు గ్లిబెన్‌క్లమైడ్ రాశారు. ఒంట్లో ఉన్న ఇన్సులిన్‌ను రక్తంలోకి తోసి అక్కడి చక్కెరను దించే మాత్ర అది. నెలనెలా నా దగ్గరే కొనేవారు, కొన్నంతసేపూ నన్ను తిట్టేవారు.

మందుబిళ్లల మీద ఆయనకు నమ్మకం లేదు. నమ్మకమంతా పొడపత్రి మీదే. శేషాచలం కొండల్లో పొదలకు అల్లుకునే తీగ అది. ఆ ఆకును నీడలో ఎండబెట్టి పొడి చేసి షుగరుకు వాడటం తరతరాలుగా ఉన్నదే. కడుపు నొప్పికి, దగ్గుకు కషాయం కాచి తాగేవాళ్లూ ఉన్నారు. ఓబుళరెడ్డి గారి లెక్కలో అయితే అది వాడితే కీళ్ల నొప్పులు, బట్టతల, సరిహద్దు తగాదాలు కూడా తగ్గుతాయి. కొండ కింద పల్లెలో ఉన్న బావమరిది పొడి పంపేవాడు. ఈయన దాన్ని వేన్నీళ్లలో కలుపుకుని గుటుక్కున మింగేసేవారు. ఆ సంగతి డాక్టరుతో ఎప్పుడూ చెప్పలేదు. ఆకు గురించి డాక్టరుకు చెప్పడమంటే ఆయనకు ఇంటి గుట్టు పోలీసులకు చెప్పడమే.

ఒక రోజు మధ్యాహ్నం మా వీధి ఆటో డ్రైవరు యాదగిరి బండి షాపు ముందు ఆగింది. ఓబుళరెడ్డి గారి భార్య నారాయణమ్మ గారు ఆయన్ని రెక్క పట్టుకుని దించారు. ఆయన చొక్కా పిండితే చెమటతో బిందె నిండేటట్టుంది. చేతులు వణుకుతున్నాయి, కళ్లు నన్ను దాటి ఎక్కడో చూస్తున్నాయి. ప్లాటు చూపించడానికి కొండాపూర్ వెళ్లి, పొద్దున మాత్ర వేసుకుని కూడా ఏమీ తినకుండా ఎండలో తిరిగారట. దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని యాదగిరిని అడిగాను.

"ఎట్ల తీస్కపోవాలె సేటూ, ముందట ఎర్ర జెండా పట్టిండ్రు. బండలు పేల్చినంక గని రోడ్డు ఇడువరట."

లక్షణాలు చూడగానే నాకు అర్థమైంది. హైపో. అంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం. ఒంట్లో చక్కెర ఎక్కువైనా మనిషి ఏళ్లు బతుకుతాడు, తక్కువైతే మధ్యాహ్నం దాటడు. స్పృహ ఉండగానే నోటి ద్వారా చక్కెర పోవాలి. స్పృహ తప్పాక నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు సూది మందు ఒక్కటే దారి, అది డాక్టరు పని. పక్క వీధి డాక్టరు సాయంత్రం గానీ రారు.

గ్లాసు నీళ్లలో గ్లూకోజు గుమ్మరించి ఆయన నోటికి అందించాను. ఒక గుక్క తాగి మొత్తం నా చొక్కా మీద ఉమ్మేశారు.

"ఏంది ఇది? మట్టినీళ్లు తాపుతా ఉండావే. ఎవురు పంపించినారు నిన్ను?"

హైపోలో మెదడుకు తిండి అందక అనుమానాలు పుడతాయి. ప్లాట్ల వ్యాపారికి మామూలు రోజుల్లోనే అవి లీటర్లలో ఉంటాయి. పోటీ బ్రోకరు నా చేత విషం పెట్టిస్తున్నాడని తేల్చేసి పళ్లు బిగించారు. డబ్బా పాడైందేమోనని నేను చప్పరించి చూశాను, పాకమే. యాదగిరి కూడా వేలు ముంచి నాకి, గులాబ్‌జాము లెక్కుందన్నాడు. మరి ఈయనకు మట్టి ఎందుకైంది?

"పచ్చాకు నమిల్నాడు అన్నా," అన్నారు నారాయణమ్మ గారు. నిన్నటి బస్సులో బావమరిది ఈసారి పొడి కాకుండా పచ్చి ఆకే మూట కట్టి పంపాడట. పొద్దున్నుంచీ జేబులోంచి తీసి నములుతూనే ఉన్నారట, ఆటోలో కూడా.

ఆయన జేబులోంచి రెండాకులు లాగి నేనూ నమిలాను. కాస్త చేదు, కాస్త వగరు. తర్వాత చెంచాడు గ్లూకోజు నాలుక మీద వేసుకుంటే సుద్దపొడి. నమ్మకం కుదరక ఇంకో చెంచా వేసుకున్నాను. సున్నం. కాలేజీలో మార్కుల కోసం బట్టీ కొట్టి పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయుర్వేదం దీన్ని మధునాశిని అంటుంది. నాలుక మీద తీపిని కాసేపు చంపేస్తుంది. ఇన్నాళ్లూ పొడి మింగారు, చక్కెర ముట్టలేదు కాబట్టి ఆయనకూ తెలియలేదు. మాత్ర, ఆకు, ఖాళీ కడుపు కలిసి మనిషిని కిందికి లాగుతుంటే, పైకి తెచ్చే ఒక్క వస్తువునూ ఆయన నాలుకే విషమంటోంది.

తల వాలిపోతోంది. అది చక్కెరేనని నేను ఒట్లు వేస్తున్నాను. ఆయనకు నా గొంతు వినపడుతోందో లేదో. నారాయణమ్మ గారు నా చేతిలోంచి గ్లాసు లాక్కున్నారు. ఆయన జేబులోంచి ఒక ఆకు తీసి చించి, ముక్కలు నీళ్ల మీద తేలేట్టు వేశారు. ఆయన గడ్డం పట్టుకుని, చాలా మామూలు గొంతుతో చెప్పారు.

"నా తమ్ముడు పంపిన పొడపత్రి రసం ఇది. ఇంగ తాగు."

ఆయన గ్లాసులోకి చూశారు. ఆకు కనపడింది. పళ్లు విడివడ్డాయి.

సరిగ్గా అప్పుడే బండ పేలింది. అలమారలు గలగలలాడాయి, యాదగిరి బల్ల కిందికి వంగాడు. ఆమె చేతిలో గ్లాసు మాత్రం కదల్లేదు. ఒక్కో గుక్కా మింగించి, ఇంకో గ్లాసు కలపమని నా వైపు చూడకుండానే చెయ్యి చాచారు. అది కూడా అయ్యేసరికి ఓబుళరెడ్డి గారు నా వైపు తిరిగి, నా చొక్కా ఎందుకు తడిసిందని అడిగారు. తెలివొచ్చిందని అలా తెలిసింది.

అయినా ఆయన్ని వదల్లేదు. ఆ మాత్ర పని గంటల తరబడి సాగుతుంది, చక్కెర మళ్లీ పడిపోవచ్చు. రోడ్డు వదలగానే ఆసుపత్రికి తీసుకెళ్లాం, తెల్లారేదాకా ఉంచుకున్నారు. అక్కడి డాక్టరు ఆకును తప్పుపట్టలేదు. పని చేసే వస్తువు కాబట్టే తనకు చెప్పకుండా మాత్రకు జత చేయకూడదని చెప్పారు. ఓబుళరెడ్డి గారికి అందులో మొదటి సగమే వినపడింది. పని చేస్తుందని డాక్టరే ఒప్పుకున్నాడని మాదాపూరంతా చాటించారు. చాటించనివ్వండి, చాటించడానికి మనిషి మిగిలాడు.

ఆ తర్వాత షుగరు మాత్రల చీటీ ఎవరిచ్చినా నేను ముందు అడిగేది ఒకటే, ఇవి కాక ఏమైనా ఆకులు తింటున్నారా అని. చాలామంది నవ్వేస్తారు. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒకాయనకైతే కోపం వచ్చింది.

"నేను మేకలా కనిపిస్తున్నానా అండీ?"

లేదన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, అమ్మ ఊరి నుంచి ఏదో పొడి పంపుతుందని చెప్పారు. కుర్చీ లాగి కూర్చోమన్నాను.