బల్లకు రాని మాసిలామణి

మా చర్చిలో ప్రభువు బల్లకు ద్రాక్షరసం తీసేది నేనే. శనివారం పొద్దున ఎండు ద్రాక్ష నానబెట్టి, మధ్యాహ్నం ఉడకేసి, తెల్లగుడ్డలో కట్టి పిండతా. మా అత్త చేస్తా ఉండిన పని, ఆమె పోయినాక నాకు తగులుకొనింది. ఊరంతా ఆ రసం తాగినోళ్ళే, మా తమ్ముడు మాసిలామణి ఒక్కడు తప్ప. పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర రొట్టె విరిచి రసం పంచేదానికి చెయ్యెత్తితే చాలు, వీడు లేచి చెప్పులేసుకొని బయటికి పోతాడు. మిలిటరీ నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

డెబ్బై ఒకటి పాకిస్తాన్ యుద్ధంలో తూరుపు పక్కకు, బంగ్లాకు పోయినాడు వాడు. తిరిగొచ్చిన దినం చిత్తూరు స్టేషన్లోనే దండలేసినాము. ఆదివారం చర్చిలో నిలబెట్టి, దేవుడు మనకు జయమిచ్చినాడు, సాక్ష్యం చెప్పు నాయనా అన్నారు పెద్దలు. వాడు నోరు తెరిచినాడు, మళ్ళా మూసుకొని పోయి కూర్చున్నాడు. సిగ్గేమో అనుకున్నారు. బల్ల వదిలి లేచిపోతా ఉంటే మాత్రం, తాగేవాళ్ళకు బల్ల లేదు గదా, తాగుడు మరిగినాడని చెప్పుకున్నారు. కల్లు వాసన కూడా గిట్టదు వాడికి! ఎంతమందితో కొట్లాడేది? ఇసుగు పుట్టి వదిలేసినాను.

బెల్లం మండీలో వాచ్‌మన్ పనికి కుదిరినాడు. పెండ్లాం పోయినాక వాడి బిడ్డ కరుణని నేనే సాకినాను. పని నుంచి వస్తాడు, తింటాడు, గోడకానుకొని కూర్చుంటాడు. ఏమిరా అంటే ఏమీ లేదక్కా అంటాడు. ఇన్నేండ్లూ అదే మాట.

మొన్న కరుణకు కన్ఫర్మేషన్ వచ్చింది. బిడ్డలు మొదటిసారి బల్ల తీసుకొనే దినం అది. తల్లో తండ్రో పక్కన మోకరించి తామూ తీసుకోవాల, మా చర్చిలో ఆనవాయితీ. దీనికి తల్లి లేదు. ముందు దినం నేను ద్రాక్ష పిండతా ఉంటే, అది వాడి ఎదురుగా వచ్చి నిలబడి, నువ్వు రాకుంటే నేనూ తీసుకోను నాయనా అనింది. ఏడవలా, అరవలా. తండ్రి మాదిరే మొండి ఘటం.

రసం తీసుకొని పోదామని వచ్చిన అయ్యగారు గుమ్మంలో నిలబడిపోయినారు. మాసిలామణి నా చేతిలోని గుడ్డను చూసినాడు. అప్పుడు చెప్పినాడు. యుద్ధం అయిపోయిందని కబురొచ్చిన సాయంత్రం, చేను గట్టు మీద అవతలి సిపాయి ఒకడు పడి ఉన్నాడంట. కడుపులో గుండు. నీళ్ళు, నీళ్ళు అని చెయ్యి చాపినాడంట. వీడి నడుముకు నిండు నీళ్ళబుడ్డి ఉండిందంట.

"కాల్చమనింది పైవాళ్ళక్కా. నీళ్ళియ్యొద్దని ఎవరూ చెప్పలా. సావనీలే అనుకున్నా. వాడు పొయ్యేదాకా నిలబడి సూసినా."

ఎవరిని తిట్టేది? యుద్ధం పెట్టినోళ్ళనా? వాళ్ళ లోపల ఉండే కసే వీడి లోపలా ఉండాది, దండలేసి సంబరపడిన మా లోపలా ఉండాది. అయ్యగారు ముసలాయన, గడప మీదే కూలబడినారు.

"పాపం లేనోళ్ళకైతే ఆ బల్ల వేసే పనే లేదప్పా," అన్నారు. "రేపు రా."

వచ్చినాడు. కరుణ పక్కన మోకరించినాడు. రొట్టె మింగినాడు. గిన్నె పెదాలకు ఆనించుకొని తాగినాడు. కరుణ వాడి చెయ్యి వదలలేదు. అమ్మయ్యా, ఇన్నాళ్ళకు నా తమ్ముడు నాకు దక్కినాడు అనుకున్నాను.

బయట చెప్పులేసుకుంటా ఉంటే దగ్గరికి పోయి, బరువు దిగిందా అబ్బయ్యా అని అడిగినాను. వాడు మూతి తుడుచుకున్నాడు.

"నేను తాగినానక్కా," అన్నాడు. "వాడు తాగలా."