‘థియరీ’కి తెలుగు మాట

పోయిన శనివారం మధ్యాహ్నం పాయింట్ కుక్‌లో మా అమ్మాయి ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూంటే, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు ల్యాప్‌టాప్ తెచ్చుకుని నా ఎదురుగా చేరింది. సోమవారం వాళ్ళ బడిలో డిబేట్ అట. సైన్సు క్లాసులో దేవుడి సృష్టిని కూడా పాఠంగా చెప్పాలా వద్దా అన్నది విషయం. చెప్పాలనే నీ అభిప్రాయమా అని అడిగితే కాస్త జాలిగా చూసి, “ఇట్ వాజ్ అ కాయిన్ టాస్, అమ్మమ్మా. వీ గాట్ ద యెస్ సైడ్” అంది. ఆ తర్వాత తాను రాసుకున్న మొదటి వాక్యం పైకి చదివి వినిపించింది. జీవపరిణామమన్నది ‘ఓన్లీ అ థియరీ’ అని ఉంది అందులో. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ మూడు మాటల పుణ్యమా అని ఒకప్పుడు మా అక్కా నేనూ దాదాపు రెండేళ్ళు సరిగా మాట్లాడుకోలేదు. ఇరవై ఏళ్ళ కిందటి సంగతి. నడివయసులో ఈ దేశం వచ్చి, చేసిన ఉద్యోగాన్నే మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టినవాళ్ళు మీలో ఉంటే, మొదటి రోజుల్లో మనల్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి మనం ఎంత రుణపడి ఉంటామో చెప్పనక్కర్లేదు. సిడ్నీలో క్వేకర్స్ హిల్‌లో ఉన్న మా అక్క ఎనిమిది నెలలు మమ్మల్ని తన ఇంట్లోనే ఉంచుకుంది. బావగారు ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, గుడి వెనక కార్లన్నీ ఖాళీ అయిన చోట నాకు డ్రైవింగ్ నేర్పారు. నేను ఒకే గోడకి రెండుసార్లు గుద్దినా ఒక్క మాట అనలేదు. టీచరు రిజిస్ట్రేషన్ కాగితాలు నాతోపాటు కూర్చుని ఆయనే నింపారు. ఆ కాగితాల వల్లే దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో, ఎవరైనా టీచరు రాని రోజున పిలిచే క్యాజువల్ సైన్సు టీచర్ని అయ్యాను. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని సృష్టించాడన్న బైబిల్లోని మొదటి అధ్యాయాన్ని బావగారు అక్షరాలా నమ్మేవారు. ఆ నమ్మకంలో నటన లేదు, దాని కోసం ఎవరితోనైనా తలపడడానికి వెనకాడే మనిషి కూడా కాదు.

మా పుట్టింట్లో మాత్రం ఈ గొడవ ఎప్పుడూ లేదు. మా నాన్నగారు గుంటూరు దగ్గర మిషన్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు, ఆదివారాలు గుళ్ళో వాక్యం చదివేవారు. ఆరు రోజుల్లో సృష్టి అయిపోతే మరి కోట్ల ఏళ్ళ సంగతేమిటని ఒక ఆదివారం నేను అడిగితే రేపు బళ్ళో అడగమన్నారు. సోమవారం బళ్ళో లేచి అడిగితే ఆదివారం గుళ్ళో అడగమన్నారు. ఆ ఆదివారం వచ్చేసరికి నేను మర్చిపోయాను. నేను అలా బుర్ర గోక్కుంటూ తిరగడం చూసి అక్క చాలా రోజులు నవ్వింది. అయితే క్లాసులో మాత్రం నాన్నగారికి ఒక పట్టుదల ఉండేది. ఏటా మొదటి రోజున బోర్డుకి ఎడమ వైపున ‘ఊహ’ అనీ, కుడి వైపున ‘సిద్ధాంతం’ అనీ రాసి, నడుమ ‘పరీక్ష’ అని రాసేవారు. ఊహ పరీక్షకి నిలబడితేనే సిద్ధాంతం అవుతుందని, ఒకదాని చోట ఇంకొకటి రాసినవాడికి మార్కులు ఉండవని చెప్పేవారు. అక్క నాకంటే రెండేళ్ళు ముందు ఆ బోర్డు చూసింది, ఆ తర్వాత నేను చూశాను.

సరే, అసలు విషయానికి వస్తాను. సైన్సు క్లాసులో పరిణామంతోపాటు సృష్టిని కూడా చెప్పాలని కొందరు తల్లిదండ్రులు మా బడికి ఉత్తరం ఇచ్చారు. వాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు, మనవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళకి ముందు నిలబడింది బావగారు. ప్రధానోపాధ్యాయిని ఒక సాయంత్రం అందరినీ హాల్లోకి పిలిచి, సిలబస్ మార్చడం తన చేతిలో లేదుగానీ కుటుంబాల అభిప్రాయం పైవాళ్ళకి తెలియజేస్తానని, సృష్టి పాఠం కావాలన్నవాళ్ళు చివర్లో చేతులెత్తితే లెక్క రాసి పంపుతానని చెప్పింది. బావగారూ అక్కా రెండు కార్లలో మన పెద్దవాళ్ళని తీసుకొచ్చారు. మనవల్ని చూసుకోవడానికి ఇక్కడికి వచ్చిన తాతలూ మామ్మలూ, అక్క అత్తగారు వాళ్ళలోకెల్లా పెద్దావిడ. ఇంగ్లీషు ఎవరికీ రాదు. తెలుగులో చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ప్రధానోపాధ్యాయిని అడిగితే బావగారే నన్ను చూపించారు. నా మీద ఆయనకి అంత నమ్మకం.

అరగంట వరకూ ఇబ్బంది లేకుండా సాగింది. అప్పుడు బావగారి పక్కన ఉన్న ఒక తెల్లాయన లేచి, గట్టిగా, పరిణామమన్నది ఓన్లీ అ థియరీ అన్నాడు. వాళ్ళ వాదనకంతా అదే ఆయువుపట్టు. నేను పెద్దవాళ్ళ వైపు తిరిగి, పరిణామమన్నది కేవలం సిద్ధాంతమేనట అన్నాను.

అక్క అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, “సిద్ధాంతమని తేలిపోయాక ఇంక మమ్మల్ని అడిగేదేంటమ్మాయ్?” అంది. మనవాళ్ళంతా ఘొల్లుమన్నారు. ఆవిడ ఏమందని హాలంతా అడిగితే అదీ ఇంగ్లీషులో చెప్పాను, ఈసారి హాలంతా నవ్వింది. బావగారి మొహం కందిపోయింది. ఆయన లేచి, అనువాదం చేస్తున్నావిడ ఈ బడిలోనే సైన్సు టీచరనీ, అది గమనించమనీ ఇంగ్లీషులో అని కూర్చున్నారు. చేతులెత్తే సమయానికి పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఎత్తింది ఏ ముగ్గురో. అక్క వంక చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ ఉత్తరం తర్వాత ఎక్కడికీ పోలేదు. వారానికోసారి మతం పాఠాలు చెప్పే స్క్రిప్చర్ క్లాసులో సృష్టి చెప్పుకోవచ్చు, సైన్సు క్లాసులో సైన్సే అని ముగించారు.

బయట కార్ల దగ్గర బావగారు నాతో, “ఊహ అనాలమ్మా నువ్వు. నీకు తెలిసే అన్నావు” అన్నారు. పాఠ్యపుస్తకంలో ఉన్న మాటే అన్నానని నేను. అది నిజమే, మన దేశంలో పన్నెండేళ్ళు ఆ మాటతోనే పాఠం చెప్పాను. కానీ ఇన్నాళ్ళకి మీతో చెబుతున్నాను, ఆ తెల్లాయన ఉద్దేశం ఊహ అనే. అది నాకు తెలుసు. ఊహ అన్న మాట నా నోటి దాకా వచ్చింది కూడా. పెద్దవాళ్ళకి ఏ మాట ఎలా వినబడుతుందో ఒక్క క్షణం లెక్క వేసుకుని రెండోది అన్నాను. సైన్సు గెలవాలని అన్నానో, నా ఉద్యోగం నిలవాలని అన్నానో, డ్రైవింగ్ నేర్పిన మనిషి ముందు ఒక్కసారైనా తెలివిగా కనబడాలని అన్నానో నాకే తెలియదు. సిగ్గుగా మాత్రం ఉంది.

ఆ తర్వాత అక్క ఫోన్లు పుట్టినరోజులకి తగ్గిపోయాయి. కాలం గడిచేకొద్దీ మళ్ళీ కలిశాం, పచ్చళ్ళు పంచుకున్నాం, మోకాళ్ళ నొప్పులు చెప్పుకున్నాం, కానీ ఆ సాయంత్రం ఊసు ఎవరమూ ఎత్తలేదు. బావగారికి జబ్బు చేసినప్పుడు నేనే చాలాసార్లు ఆసుపత్రికి కారులో తీసుకెళ్ళాను. దారంతా ఇండికేటర్ వెయ్యి, ఇండికేటర్ వెయ్యి అనేవారు తప్ప ఆయనా ఎత్తలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఇదంతా పైపైన చెబితే మా మనవరాలు కళ్ళు పెద్దవి చేసి, నేను వద్దనేలోపే క్వేకర్స్ హిల్‌కి వీడియో కాల్ చేసేసింది. మేం ఇరవై ఏళ్ళుగా దాటవేస్తూ వచ్చిన ప్రశ్నని సూటిగా అడిగేసింది. “పెద్దమ్మమ్మా, డిడ్ యూ పుట్ యువర్ హ్యాండ్ అప్?”

అక్క, “లేదే. చేతులు ఒళ్ళో పెట్టుకుని మీ అమ్మమ్మ వంకే చూస్తా కూచున్నా. నాన్న బోర్డు మీద రాసినట్టు రెండు మాటలూ చెబుద్దేమోనని” అంది. తిట్టినట్టు అనలేదు. వెంటనే మనవరాల్ని అన్నం తిన్నావా అని అడిగింది.

ఈ కాలం పిల్లలు నాణెం ఎగరేసి పక్షం ఎంచుకుంటారు, మూడేసి నిమిషాలు వాదించుకుంటారు, గంట కొట్టగానే కలిసి భోజనానికి పోతారు. వాళ్ళకి దేని మీదా గట్టి నమ్మకం లేదని మా ఈడువాళ్ళం విసుక్కుంటాం. నిజమే కావచ్చు. మాకు నమ్మకాలు ఉండేవి, వాటిని ఇంటికి మోసుకొచ్చి మంచాల కింద దాచుకునేవాళ్ళం. ఆ పిల్ల అర నిమిషంలో అడిగినదాన్ని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉంటే బావగారు బతికుండగానే ఒక మాట చెప్పుకోగలిగేదాన్ని.

అక్కతో నేనూ మాట్లాడాలని ఫోన్ అందుకోబోయేలోపే మనవరాలు బై చెప్పి పెట్టేసింది. నా మొహం చూసి, “టెల్ హర్ టుమారో, అమ్మమ్మా” అంది. మర్నాడు ఆదివారం. అక్క గుడి నుంచి వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. చిన్నప్పటిలా ఈసారి మర్చిపోకూడదని, ‘అక్కకి ఫోన్’ అని రాసి ఫ్రిజ్ మీద కాగితం అంటించాను.