మూయని ఫైలు

అమెరికాలో డాక్టర్లు ఫోనులో చెప్పిన రోగుల వివరాలను విని టైపు చేసి పంపే కంపెనీ ఒకటి మాదాపూర్‌లో ఉండేది. అక్కడ కంప్యూటర్లు చూసుకునే పని స్వామిది. నలభై రెండు మిషన్లు, ఒక సర్వరు, ఒక టేపు డ్రైవు. 1999లో ఆ చుట్టుపక్కల ఇంకా గుట్టలు పేలుస్తూనే ఉన్నారు. పేల్చే ముందు ఎవరో ఈల వేసేవారు, ఆ తర్వాత కిటికీ అద్దాలు అదిరేవి. టైపు చేసేవాళ్లు తల కూడా ఎత్తేవారు కాదు.

స్వామిది సదాశివపేట. వయసు ముప్ఫై ఒకటి. పాలిటెక్నిక్ చదివి హైదరాబాద్ వచ్చాడు. చందానగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో భార్య మమతతో ఉండేవాడు.

ఆ ఏడు ఏప్రిల్ మొదటి వారంలో, తొమ్మిదో నెల నిండుతుండగా, మమత కడుపులోనే బిడ్డ పోయింది. ఆడపిల్ల. దవాఖానలో నర్సు తెల్లగుడ్డలో చుట్టి స్వామి చేతుల్లో పెట్టింది. మమతకు అప్పటికి స్పృహ లేదు. నాలుగో రోజు మమతను వాళ్లమ్మ లచ్చమ్మ జహీరాబాద్ తీసుకుపోయింది. ఐదో రోజు స్వామి ఆఫీసుకు వచ్చాడు. ఇన్ని రోజులు ఏమైందని అడిగినవాళ్లకు జ్వరమని చెప్పాడు. దాచాలని కాదు. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి అతను అన్ని పనులూ చేశాడు. బస్సెక్కాడు, దిగాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. ఎవరైనా పిలిస్తే ఆ పేరు తనదేనని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టేది.

ఆఫీసులో ప్రతి మధ్యాహ్నం ఒంటిగంటకు, అందరూ భోజనానికి లేచినప్పుడు, ప్రతి మిషన్‌లోని ఫైళ్లూ టేపు మీదికి కాపీ అయ్యేవి. సాయంత్రం మిషన్లన్నీ ఆపేసేవారు కనుక ఆ గంటే దొరికేది. చివర్లో ఒక రిపోర్టు అచ్చయి వచ్చేది. స్వామి దాన్ని చూసి సంతకం పెట్టి ఫైల్లో పెట్టాలి. ఆ రిపోర్టులో ఒక లైను ఎప్పుడూ ఉండేది: పదిహేడో మిషన్, ఒక ఫైలు వాడకంలో ఉంది, వదిలేయడమైనది.

పదిహేడో మిషన్ సీతాబాయిది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లు సుల్తాన్‌బజార్‌లో టైపు నేర్పి, ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఇక్కడ చేరింది. చేరిన రోజు నుంచి తనకోసం ఒక పట్టిక రాసుకుంటోంది. మందుల పేర్లు, రోగాల పేర్లు, ఏ డాక్టరు ఏ మాట ఎలా పలుకుతాడు, ఏ డాక్టరు నములుతూ మాట్లాడతాడు. పద్నాలుగు నెలల్లో రెండువేల మూడు వందల మాటలయ్యాయి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె పొద్దున రాగానే ఆ ఫైలు తెరిచేది, సాయంత్రం పోయేటప్పుడు మూసేది. అన్నం కూడా మిషన్ ముందే తినేది. సెలవు పెట్టిన రోజున మిషన్ ఆఫ్‌లో ఉండేది. అలా అది ఒక్కనాడూ టేపు మీదికి పోలేదు.

ఇది స్వామికి తెలుసు. తెరిచి ఉన్న ఫైళ్లను కూడా కాపీ చేసే సాఫ్ట్‌వేరు కావాలని తనే అడిగాడు. ఏప్రిల్ పంతొమ్మిదిన సీడీ వచ్చింది. అతను దాన్ని సొరుగులో పెట్టాడు. రోజూ రేపు చేద్దామనుకునేవాడు. నిజానికి అలా అనుకోవడం కూడా కొన్నాళ్లకు ఆగిపోయింది. రిపోర్టు మీద సంతకం మాత్రం రోజూ పెట్టాడు.

జూన్ ఏడు, సోమవారం పొద్దున సీతాబాయి అతని దగ్గరికి వచ్చింది.

“స్వామీ, నా మిషన్ టకటక అంటున్నది. జర చూస్తవా?”

డిస్కు పోయింది. స్వామి కొత్త డిస్కు బిగించి, టేపు మీదివన్నీ తిరిగి ఎక్కించాడు. మధ్యాహ్నానికి మిషన్ నడిచింది. సీతాబాయి కూర్చుని వెతికింది.

“నా పట్టిక యాడుంది?”

“అది రాలేదక్కా.”

“ఎందుకు రాలేదు?”

“టేపు మీదికి ఎన్నడు పోలేదు. నాకు తెలుసు. సాఫ్ట్‌వేరు వచ్చి ఏడు వారాలైంది. నేను ఎక్కియ్యలే.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. తిడుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, ఆ రోజు పని మొదలుపెట్టింది.

సాయంత్రం మేనేజరు యశ్వంత్ పిలిచాడు. కడప మనిషి, స్వామికంటే చిన్నవాడు.

“రిపోర్టు మీద సంతకం నీదే కదప్పా?”

“నాదే సార్.”

“చదవకుండా పెట్టినావా?”

“చదివిన సార్.”

యశ్వంత్ కొంతసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. “సరేలే. సీడీ లేటుగా వచ్చిందని పైకి రాస్తా. పోయినవారమే వచ్చిందని.”

“వద్దు సార్. వచ్చిన తారీఖే రాయండి.”

మరునాడు మెమో ఇచ్చారు. స్వామి దాన్ని చదివి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గుగా ఉండాలి కదా అనుకున్నాడు. అదీ రాలేదు.

ఆ వారమే సీడీ తీసి మిషన్లన్నిటికీ ఎక్కించడం మొదలుపెట్టాడు. మొదట పదిహేడో నంబరు. అది ఏం చేస్తుందో సీతాబాయి అడిగింది.

“ఒంటిగంటకు డిస్కు ఎట్లుందో అట్లనే పట్టుకుంటదక్కా. మీరు రాసుకుంట ఉండొచ్చు. మీరేదన్న మారిస్తే, మార్చకముందున్న ముక్కను పక్కకు తీసి పెడ్తది. టేపుకు ఒంటిగంటప్పటిదే పోతది.”

పట్టుకోవడానికి ముందు డిస్కు కాసేపు కదలకుండా ఉండాలి. స్వామి ముప్ఫై సెకన్లు పెట్టాడు. సీతాబాయి మిషన్ ముప్ఫై సెకన్లు ఊరుకున్నది లేదు. అది ఎదురుచూసి ఎదురుచూసి మానుకుంది. ఐదు సెకన్లకు తగ్గించాడు, పట్టుకుంది. మరో మిషన్‌లో పాత ముక్కలు దాచే జాగా చాలక మధ్యలో తెగిపోయింది. జాగా పెంచాడు. శుక్రవారం సీతాబాయి టైపు చేస్తుండగానే కాపీ తీసి, వేరే చోట తెరిచి చూపించాడు.

“ఇప్పుడు రాసిన నాలుగు మాటలు లేవు ఇందుల,” అందామె.

“సేవ్ చేసినదాంకనే దానికి కనపడ్తది. ఒక్కో మాటకు సేవ్ నొక్కాలక్కా.”

“గది ముందుగాల చెప్పాలె కద.”

“చెప్పాలె.”

తర్వాతి సోమవారం నుంచి భోజనం వేళ ఇద్దరూ పోయిన పట్టికను మళ్లీ రాయడానికి కూర్చున్నారు. కొత్తగా చేరిన శ్రావణి అనే అమ్మాయి పాత పట్టికలోంచి కొన్ని మాటలు తన నోటుబుక్కులో ఎక్కించుకుని ఉంది. మిగిలినవి సీతాబాయి గుర్తుచేసుకుని చెప్తుంటే స్వామి టైపు చేసేవాడు. ప్రతి మాటకూ సేవ్ నొక్కేవాడు.

“ఈ డాక్టరు ‘లేదు’ అన్న మాట మింగుతడు. నొప్పి ఉన్నదని వినపడితే వెనక్కి తిప్పి మళ్ల విను. రాసినవా? తర్వాత ఫీటల్ డిమైస్.”

స్వామి స్పెల్లింగ్ అడిగాడు. ఆమె చెప్పింది.

“అంటే ఏందక్కా?”

“బిడ్డ కడుపులనే పోవుడు.”

అతను టైపు చేశాడు. సేవ్ నొక్కాడు. చేతులు మీటల మీదే ఉన్నాయి.

“ఏప్రిల్‌ల మాకు గదే అయింది,” అన్నాడు.

సీతాబాయి అన్నం డబ్బా మూత పెట్టింది. “నీ భార్య యాడుంది?”

“జహీరాబాద్‌ల. వాళ్లమ్మ దగ్గర.”

“పోయి చూసినవా?”

“లే.”

“ఫోను?”

“పక్కింటోళ్లకు చేస్తే పిలుస్తరు. చెయ్యలే.”

“శనివారం పో.”

“పోయి ఏం చెప్పాలె?”

“ఏం చెప్పకు. పోయి కూసో.” ఆమె డబ్బా పక్కకు జరిపి, “తర్వాతది రాయి,” అంది.

శనివారం అతను జహీరాబాద్ బస్సెక్కాడు. లచ్చమ్మ తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు, పక్కకు జరిగింది. మమత వెనక అరుగు మీద కూర్చుని ఉంది. సన్నబడింది. అతను పక్కన కూర్చున్నాడు. ఎండ అరుగు మీద నుంచి గోడ మీదికి పోయేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

“నాకు చూపియ్యలే ఎవ్వరు,” అంది మమత. “నువ్వు ఎత్తుకున్నవా?”

“ఎత్తుకున్న.”

“ఎట్లుండె?”

“జుట్టు మస్తుండె. నీ లెక్కనే నొసలు.”

మమత ఏడ్చింది. స్వామికి కన్నీళ్లు రాలేదు. అతను లేవకుండా అక్కడే కూర్చున్నాడు. చీకటి పడే ముందు లచ్చమ్మ ఇద్దరికీ చాయ్ తెచ్చి పెట్టింది.

ఆ తర్వాత ప్రతి శనివారం పోయాడు. పట్టిక ఆగస్టు నాటికి పదహారు వందల మాటల దగ్గర ఆగింది. మిగిలినవి ఎంత ఆలోచించినా సీతాబాయికి గుర్తురాలేదు. వాటిని డాక్టర్ల నోట మళ్లీ వినాల్సిందేనంది. రిపోర్టులో ఆ లైను రావడం మానేసింది. స్వామి ఇప్పుడు ప్రతి లైనూ వేలు పెట్టి చదివి, అప్పుడు సంతకం చేస్తున్నాడు. కొన్ని రోజులు మాత్రం బస్సులో కూర్చుని దిగాల్సిన చోటు దాటి పోయేవాడు.

ఆగస్టు చివర్లో మమత చందానగర్ తిరిగి వచ్చింది. స్వామి ఆటోలోంచి పెట్టె దించుతుంటే, ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది.

“నల్లా నీళ్లు ఇప్పుడు ఎన్నింటికొస్తున్నయి?”

ఇన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నా అతనికి తెలియదు. పక్కింటి గంగమ్మను అడిగి వచ్చి చెప్పాడు.

“ఐదింటికంట.”

మమత బిందె తీసి కడగడం మొదలుపెట్టింది.